ఊరికో కార్తె

పంచాంగంలో కార్తెలు 27. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులుంటాడు కనుక ఆ రోజులకి ఆ నక్షత్రం పేరే పెట్టారు మన పెద్దలు. ఏప్రిల్ నడిమిలో అశ్వినితో వరస మొదలవుతుంది. పంచాంగం ఎన్నడూ చేతపట్టని రైతుకి కూడా ఆ వరస నోటికి వచ్చు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు. అప్పటికీ చినుకు రాలకపోతే ఇక గంప నెత్తినెత్తుకుని బతుకుతెరువు వెతుక్కోమని.

ఈ మాటల మధ్య పెరిగిన నేను, ఉద్యోగం పేరిట రకరకాల ఎండావానల్లో కాపురం చేశాక ఒక సంగతి బలంగా నమ్ముతున్నాను. కార్తె పేరు అంతటా ఒకటే కాని, అది చేసే పని ఊరూరికీ వేరు. ఆదిలాబాదు రైతు ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఆకాశంకేసి చూసే చూపు నెల్లూరు రైతు స్వాతి, విశాఖల్లో చూస్తాడు. వాళ్ళకి నైరుతి, వీళ్ళకి ఈశాన్యం. ఇద్దరి గోడమీదా వేలాడేది ఒకే క్యాలెండరు. వానాకాలాలు మాత్రం నాలుగు నెలల ఎడం. కొత్త ఊళ్ళో ఇల్లు కట్టుకున్నా, రేషన్ కార్డు మార్చుకున్నా, అక్కడి గాలి ఎటునుంచి వీస్తే ఏమవుతుందో ఒంటికి తెలిసేదాకా ఆ ఊరు మనది కాదు.

మాది పల్నాడు. వేసవి వస్తే పత్రికల్లో పేరు కనిపించే రెంటచింతల మాకు దగ్గరే. మా వైపు అరుగులకి, వాకిళ్ళకి, కొన్ని ఇళ్ళ పైకప్పులకి కూడా నాపరాళ్ళే. పగలంతా తాగిన ఎండని ఆ రాయి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది. సాయంత్రం బిందెతో నీళ్ళు కుమ్మరిస్తే ఆవిరి మొహానికి కొట్టేది. ఆరుబయట నులకమంచాలు వేసుకుని, గాలి తిరిగేదాకా నిద్రపట్టక ఆకాశం చూస్తూ పడుకునేవాళ్ళం.

రోహిణి కార్తె చివరికొచ్చేసరికి మా నాయనమ్మ చూపు నేలమీదా ఆకాశంమీదా ఉండేది. గోడవారన చీమలు గుడ్లు మోసుకుంటూ బారులు తీరితే "పిడకలు లోపలెయ్యండ్రా" అని కేకేసేది. వడగాలి ఉన్నట్టుండి ఆగి, ఆకు కదలక, ఒళ్ళు జిగటగా ఉక్కపోస్తే ఎండబెట్టిన మిరపకాయల కుప్ప మీద పట్టా కప్పించేది. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే అది చిన్నదా పెద్దదా అని చూసేది. గుడి దూరంగా ఉంటే వాన దగ్గర, గుడి దగ్గరగా ఉంటే వాన దూరం. ఆవిడకి అక్షరాలు రావు. కాని మా ఊరి ఆకాశాన్ని ఆవిడంత చదివినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

తొలకరి పడ్డ మర్నాడు పిల్లలమంతా చేలగట్ల మీదే ఉండేవాళ్ళం. తడిసిన నేలమీద ఎర్రటి మఖమల్ గుడ్డతో కుట్టినట్టున్న ఆరుద్ర పురుగులు నడుస్తూ కనిపించేవి. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండేవి. కాసేపు ఓపిక పడితే మళ్ళీ ఒక్కో కాలూ చాపి వేళ్ళ మధ్యనుంచి నడిచేవి. పురుగని పిలుస్తాం కాని దానికి కాళ్ళు ఎనిమిది, సాలీడుకి చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే గడిపి, తొలి వానలు పడగానే మేతకీ జతకీ పైకొస్తుంది. ఆ నాలుగు రోజులు దాటితే మళ్ళీ నేలలోకి. దానికి ఆరుద్ర కార్తె ఫలానా తేదీన వస్తుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేలకి తడి తగిలింది, అంతే. తేదీ మనకి కావాలి. ప్రాణికి కావలసింది తడి, వేడి, వెలుతురు. ఇప్పుడు మా ఊరు వెళితే ఆ గట్ల మీద ఆ పురుగు కనపడటమే అరుదైపోయింది. ఎప్పటినుంచి తగ్గిందో చెప్పగలిగినవాళ్ళూ లేరు. ఆ బాధే ఈ వ్యాసం రాయించింది.

చదువయ్యాక బ్యాంకు ఉద్యోగం నన్ను అనంతపురం జిల్లాలో ఒక పల్లె శాఖకి పంపింది. అక్కడ నాకు తెలిసిన సూచనలేవీ పనిచెయ్యలేదు. పల్నాడులో నల్లటి మబ్బు కమ్మిందంటే వాన వస్తుందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. అనంతపురంలో జూన్, జులై నెలల్లో రోజూ మబ్బులే. పడమటినుంచి వరసగా వస్తాయి, మన నెత్తిమీదుగా పోతాయి. వాటి వెనక గాలి. తలుపులు దడదడలాడే గాలి, దుమ్ము కళ్ళలో కొట్టే గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే వెలియలేదు. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే కురిసేసి ఇవతలికి వస్తుంది. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరాన కురిశాక మిగిలిన తుంపర ఇక్కడిదాకా చేరుతుంది. రెండింటికీ చివరన ఉన్న నేల అది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ.

శాఖకి వచ్చే ఒక పెద్దరైతు, నేను కిటికీలోంచి మబ్బులు చూసి సంబరపడుతుంటే, "మబ్బు జూసి మురిసిపోవద్దు సార్. గాలి నిలబడల్ల, అప్పుడే వాన" అన్నాడు. ఆ మాట ఆ జిల్లా వాతావరణానికి తాళంచెవి. అక్కడ జనం చూసేది మబ్బుని కాదు, గాలిని. గాలి పడిపోయిన సాయంత్రం ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడుతుంది. రాత్రి వాన పడితే తెల్లారేసరికి రైతు చేలో ఉంటాడు. జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తీసి నొక్కుతాడు. ముద్ద కడితే పదునైనట్టు. పొడిగా రాలిపోతే ఇంకో వాన కావాలి. పదునైందన్న కబురు వచ్చిన రోజు మా శాఖలో నిలబడటానికి చోటుండేది కాదు. విత్తనపు కాయలకి అందరికీ ఆరోజే డబ్బు కావాలి.

సగటు అనే మాట మీద నమ్మకం నాకు అక్కడే పోయింది. జిల్లాలో వర్షపాతం సాధారణమని ప్రకటించిన ఏడు కూడా, ఒక ఊళ్ళో చెరువు నిండితే రోడ్డు అవతలి ఊళ్ళో వేరుశనగ మాడిపోవడం కళ్ళారా చూశాను. మొత్తం వాన ఎంత పడిందన్నది కాదు, ఊడలు దిగే వేళకి పడిందా లేదా అన్నదే పంట. ఆ రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే, తర్వాత ఎంత కురిసినా చెట్టు పచ్చగా ఉంటుంది, కింద కాయ ఉండదు. మిల్లీమీటర్ల పట్టికలో ఆ చెట్టూ పచ్చగానే కనిపిస్తుంది. రైతు బతుకుని వానతో కొలవాలంటే అంకెతోపాటు తేదీ కావాలి, ఆ తేదీన పైరు ఏ ఈడులో ఉందో తెలియాలి. ఈ జ్ఞానం కార్తెల సామెతల్లో ఉంది. మన లెక్కల్లో ఇంకా సరిగ్గా రాలేదు.

విశాఖపట్నానికి బదిలీ అయ్యాక అసలు ఎండ కొలతే మారింది. ఉష్ణోగ్రత పల్నాడుకంటే తక్కువ, బాధ తక్కువేమీ కాదు. చెమట ఆరదు. అక్కడ వేసవి రోజు ఎలా గడుస్తుందన్నది సముద్రపు గాలి ఎన్నింటికి వచ్చిందన్నదాని మీద ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రంకంటే త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడిగాలి పైకి లేస్తే సముద్రంమీది చల్లగాలి లోపలికి వస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు ఆ చల్లగాలిని ఒడ్డు దాటనివ్వదు. మధ్యాహ్నమైనా తూర్పు కిటికీ తెర కదలలేదంటే ఆవేళ నగరం ఉడికిపోతుంది.

విశాఖవాసులు గర్వంగా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. గ్రహణాలు, గ్రహాల కదలికలతోపాటు ఊరి వాతావరణాన్నీ ఓపిగ్గా గమనించి నమోదు చేశారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంతకు ఎంతో ముందే, 1780లలో, సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ వాతావరణపు లెక్కలు రాసిపెట్టాడు. తెలుగు నేలకి ఆకాశాన్ని కాగితం మీద పెట్టే అలవాటు పాతదే. ఈ పేర్లు మన బడిపిల్లలకి తెలియకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకింది. ఆ రోజు చిత్త కార్తె. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. దివిసీమను ముంచిన ఉప్పెన కూడా 1977 నవంబరు 19న వచ్చిందే. కోస్తా పెద్దవాళ్ళు దసరా నుంచి కార్తికం వెళ్ళేదాకా రేడియో చెవికి దూరం కానివ్వరు. హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు చూస్తే, కూలగా మిగిలిన చెట్ల మీద పచ్చనాకు లేదు. ఉన్న కాసిని ఆకులూ ఉప్పునీటి తుంపరకి కాలినట్టు గోధుమరంగులోకి తిరిగాయి. కొండలు బోడిగా కనిపించాయి. ఆ తర్వాత వారాల్లో, చిగురు వెయ్యని కాలంలో, వేపలూ రావులూ చిగిర్చాయి. కార్తికంలో చైత్రపు రంగు. చెట్టు కూడా మా ఆరుద్ర పురుగులాగే తేదీ చూడదని అప్పుడు మళ్ళీ అనుకున్నాను.

నేను కాపురమున్న హైదరాబాదు గురించి తక్కువే చెబుతాను, ఆ నగరం ఆకాశాన్ని చూడనివ్వడం తగ్గించేసింది. అయినా మిరుగం రోజు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేపల దుకాణాల ముందు గుంపు చూడండి. ఇంగువ, బెల్లం కలిపి ఇంటిల్లిపాదికీ ఇంత పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఎండనుంచి చల్లదనంలోకి ఒళ్ళు మారే వేళ అది. మా పక్కింటి అక్క మేడమీద నుంచి "మొగులైంది సార్, బట్టలు తీసుకోండ్రి" అని అరిచిందంటే పావుగంటలో వాన ఖాయం. చేతిలో ఉన్న ఫోను అప్పటికింకా ఎండ బొమ్మే చూపిస్తుండేది.

ఉద్యోగం ముగిశాక ఏటా కొంతకాలం షికాగో శివారులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అక్కడి వాన లెక్క చూసి ఆశ్చర్యపోయాను. ఏడాదికి అక్కడా దాదాపు 950 మిల్లీమీటర్లు, మన కోస్తాకి కాస్త అటూ ఇటూ. అయితే అది పన్నెండు నెలలకీ పంచుకుని వానగానో మంచుగానో పడుతుంది. వానకోసం ఎదురుచూడటం అనేది ఆ ఊరి పాటల్లో, పండగల్లో, కబుర్లలో లేదు. వాళ్ళు ఎదురుచూసేది ఎండకోసం. మన పల్నాడులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలు. అక్కడ ఆరు గంటలు. జూన్‌లో 15 గంటల పగలు, డిసెంబరులో 9. సాయంత్రం నాలుగున్నరకే చీకటిపడే ఊళ్ళో వెలుతురుకి ఎంత విలువో మనం ఊహించలేం. మార్చిలో ఎండ కాస్త గట్టిగా కాసిన పూట, మనకి తొలకరి రోజు ఉండే మొహాలు అక్కడ వీధుల్లో కనిపిస్తాయి.

చలికాలంలో మన ఒంటి తెలివి తిరగబడుతుంది. మనకి ఎండ అంటే వెచ్చన. అక్కడ జనవరిలో మబ్బు తునక లేకుండా ఆకాశం నీలంగా మెరుస్తోందంటే చలి చంపేస్తుందని అర్థం. నేల వేడిని పట్టి ఉంచే మబ్బు లేదు, అదంతా రాత్రే పైకి పోయింది. మబ్బుపట్టి మంచు కురిసే రోజే నయం. పేరిన మంచుమీద నడుస్తుంటే అది మెత్తగా అణిగితే చలి ఓ మోస్తరు; బూటు కింద కిరకిరలాడితే సున్నాకి బాగా దిగువన ఉన్నట్టు. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 31 డిగ్రీల దాకా పడిపోయింది. రోహిణి కార్తెలో మావాళ్ళు మధ్యాహ్నం తలుపులు మూసుకున్నట్టే ఆ ఊరు తలుపులు మూసుకుంది.

అక్కడివాళ్ళకి కార్తెలు లేవనుకుంటారు మనవాళ్ళు. ఉన్నాయి. మా అమ్మాయి కుండీల్లో పెంచిన గోంగూర నారుని ఏప్రిల్ చివర, నాలుగు రోజులు వెచ్చగా ఉన్నాయని పెరట్లో నాటబోతే, పక్కింటి పెద్దావిడ కంచె అవతలనుంచి వారించింది. మదర్స్ డే దాటేదాకా నాటొద్దంది. మే రెండో ఆదివారం అది. ఆలోపు ఏ రాత్రయినా నేలమీది తేమ గడ్డకట్టి లేతమొక్కల్ని మాడ్చేస్తుంది. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పిందట. ఓక్ చెట్టు ఆకు ఉడుత చెవంత అయినప్పుడు మొక్కజొన్న విత్తాలన్న మాట అమెరికా రైతుల్లో చాలా పాతది. ఆ మాట విన్నప్పుడు మా నాయనమ్మ ఎదురుగా కూచున్నట్టయింది. తేదీని నమ్మక చెట్టుని అడిగే పద్ధతి. నేల వెచ్చబడితేనే ఓక్ చిగురిస్తుంది, నేల వెచ్చబడితేనే మొక్కజొన్న మొలుస్తుంది. చెట్టు తప్పు చెప్పదు.

తెలుగువాళ్ళు అక్కడ తమ కార్తెలు తాము తయారుచేసుకుంటున్నారు, తెలియకుండానే. కరివేపాకు కుండీ ఎప్పుడు ఇంట్లోకి తేవాలి అన్నది వాళ్ళ శరత్కాలపు పెద్ద కబురు. రాత్రి పది డిగ్రీలకంటే దిగుతోందంటే తులసీ కరివేపాకూ గడప దాటి లోపలికి రావలసిందే. గోంగూరకి ఆ భాగ్యం లేదు. అక్టోబరులో మొదటిసారి తుషారం పడిన రాత్రికి చేను చేనంతా నల్లబడిపోతుంది. అందుకే ముందురోజు సాయంత్రం ఇళ్ళన్నీ గోంగూర కోసుకుని, ఆ రాత్రే పచ్చళ్ళు పడతాయి. నాకు తెలిసి ఇది కొత్త తెలుగు పండగ.

2024 మే నెలాఖరులో అక్కడ నేను చూసినది జీవితాంతం మరవను. 17 ఏళ్ళుగా నేలలో వేళ్ళరసం తాగుతూ బతికిన సికాడా పురుగులు ఉత్తర ఇలినాయిలో ఒక్కసారిగా పైకొచ్చాయి. ఆ ఏడే దక్షిణాన 13 ఏళ్ళకోసారి వచ్చే వేరొక గుంపు కూడా లేచింది. ఈ రెండూ కలిసి రావడం 1803 తర్వాత అదే మొదలు. జానెడు లోతున మట్టి వేడి దాదాపు 18 డిగ్రీలకి చేరితే అవి కదులుతాయి. పెరటినిండా వేలు పట్టేటంత బొరియలు. చెట్ల బెరళ్ళ మీద విడిచిన డొల్లలు. ఎర్రటి కళ్ళు. ఎండెక్కాక మనిషి మాట మనిషికి వినపడని రొద. మనవడు ఒక డొల్లని అరచేతిలో పెట్టుకుని తెచ్చి చూపించాడు. వాడికి ఆరుద్ర పురుగు గురించి చెప్పాను. ఇక్కడిది వేడి తగిలి లేచింది, అక్కడిది తడి తగిలి లేస్తుందని. ఏది ముందు చూశావు తాతయ్యా అని అడిగి, వాటి రంగూ కాళ్ళూ నోట్‌బుక్‌లో గీశాడు, పక్కన తేదీ వేశాడు.

ఒక్క సూచన మాత్రం నేను వెళ్ళిన ప్రతి చోటా పనిచేసింది. చంద్రుడి చుట్టూ గుడి. పల్నాడులో వానముందు చూశాను, షికాగోలో మంచుతుపాను ముందు చూశాను. ఎత్తున పరుచుకున్న పల్చటి మబ్బులోని మంచు పలుకులు వెన్నెలని వంచితే ఆ వలయం కడుతుంది. ఆ మబ్బు తరచు పెద్ద వానమబ్బుకి ముందు నడుస్తుంది. తక్కినవన్నీ ఏ ఊరివి ఆ ఊరివే.

పాత కార్తెల్ని కూడా ఎప్పటికప్పుడు సరిచూసుకోవలసిందే. కార్తెలు నక్షత్రాలతో ముడిపడ్డవి. రుతువులు సూర్యుడికెదురుగా భూమి వాలుతో ముడిపడ్డవి. భూమి అక్షం నిదానంగా తిరగడంవల్ల ఈ రెంటి మధ్య 72 ఏళ్ళకి ఇంచుమించు ఒక రోజు ఎడం పెరుగుతుంది. వెయ్యేళ్ళ కిందట ఆరుద్ర కార్తె రుతువుల లెక్కలో ఇప్పటికంటే రెండు వారాలు ముందు వచ్చేది. అయినా మన సామెతలు చెల్లుబాటవుతూ వచ్చాయంటే, తరతరాలూ కళ్ళతో చూసి మాట మార్చుకుంటూ వచ్చారనే నా నమ్మకం. ఇప్పుడు భూమి వేడెక్కుతున్న కాలంలో ఆ పని మరింత త్వరగా చెయ్యాలి. చేసే చూపు మాత్రం మనలో సన్నగిల్లుతోంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీపూలు విచ్చిన రోజుల్ని తొమ్మిదో శతాబ్దం నుంచీ కొలువువాళ్ళూ సన్యాసులూ దినచర్యల్లో రాసుకున్నారు. ఆ కాగితాలున్నాయి కనుకే, 2021లో మార్చి 26న పూలు నిండుగా విచ్చినప్పుడు, 1200 ఏళ్ళలో ఇంత ముందుగా ఎన్నడూ లేదని చెప్పగలిగారు. మా ఊరి ఆరుద్ర పురుగు ఎప్పుడు తగ్గిందో చెప్పడానికి మనదగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు.

అందుకని చదువరులకి నాదొక మనవి. ఒక నోట్‌బుక్ పెట్టండి. వేప పూత, మామిడి పిందె, మొదటి కోయిల కూత, తొలకరి, ఆరుద్ర పురుగు, మొదటిసారి దుప్పటి తీసిన రాత్రి, గాలి తిరిగిన రోజు, ఏది కంటపడితే అది రాయండి. డాలస్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా, దర్శిలో ఉన్నా అక్కడివే రాయండి. కనపడకపోతే కనపడలేదని రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి తెలిసిన సూచనలు ఈ వారంలోనే అడిగి తెలుసుకోండి, పిల్లలుంటే రాసే పని వాళ్ళకి అప్పగించండి. తేదీ, ఊరి పేరు మాత్రం మరవకండి.